ఖాళీ కడుపుతో

దేవదానం నిన్నటి పేపరు మడత విప్పి అంబాసిడర్ ముందు సీటు మీద పరిచాడు. ఇవాళ్టి పేపరు అయ్యగారు చదివేదాకా ఎవరూ ముట్టుకోకూడదు. మొన్నటిది వంటింటి అలమరలోకి వెళ్ళిపోతుంది. అందుచేత వాంతులకి ఎప్పుడూ నిన్నటిదే. అందులోనూ సినిమా పేజీ పనికిరాదు, తడిస్తే రంగు సీటుకి అంటుకుంటుంది. జిల్లా వార్తల పేజీ మేలు. ఇరవై నాలుగేళ్ళు ఒకే ఇంట్లో డ్రైవరుగా పనిచేసి దేవదానం సొంతంగా కనిపెట్టిన సంగతులు రెండో మూడో ఉంటాయి. అందులో ఇదొకటి.

పేపరు మీద కూర్చుంటే ప్రయాణంలో కడుపు తిప్పదని కోనసీమలో అందరికీ తెలుసు. ఎందుకు తిప్పదో ఎవరికీ తెలీదు. బండి వెనక నేలకి రాసుకుంటూ వేలాడే గొలుసు కూడా అందుకే. డాష్‌బోర్డు మీద నిమ్మకాయా అందుకే. ఇన్ని ఏర్పాట్లు చేసినా కక్కేవాళ్ళు కక్కుతూనే ఉంటారు. అప్పుడు పేపరు సరిగ్గా పరవలేదంటారు.

పేపరు అంచులు సీటు సందులోకి దోపి, దేవదానం నడుం నిటారు చేసుకున్నాడు. యాభై ఆరేళ్ళ మనిషి. పొడుగ్గా, సన్నగా, కాస్త ముందుకి వంగి ఉంటాడు, ఎవరికో తలుపు తీసి పట్టుకున్నట్టు. కుడి చెయ్యి మోచేతి దగ్గర్నించి ఎడమదానికంటే నల్లగా ఉంటుంది. అది కిటికీ మీద ఆనించే చెయ్యి. ఖాకీ చొక్కా కాలరు అరిగిపోతే భార్య ఎలీసమ్మ విప్పి, తిరగేసి కుట్టింది. దూరం నించి చూస్తే కొత్తదే.

"టఫీని తీసుకురమ్మంటావా?" అని లోపల్నించి అమ్మగారు అడిగారు.

"ఆయ్," అన్నాడు దేవదానం.

టఫీ అంటే కుక్కపిల్ల. లాబ్రడార్. రెండున్నర నెలల వయసు, బెల్లప్పాకం రంగు, తలకంటే బరువైన చెవులు. ఈ కథలో అందరికంటే ఎక్కువ గౌరవం దానికే. కాకినాడలో కొని, ఇదే కారులో తీసుకొచ్చారు. యానాం చేరేలోపు రెండుసార్లు కక్కింది. యానాం రేవులో కారుని బల్లకట్టు లాంటి పంటు మీదికి ఎక్కించి ఇంజను ఆపితే, గోదావరి మధ్యలో మరోసారి కక్కింది. ఒడ్డు దిగాక ముమ్మిడివరం దాకా ఓపిక పట్టి, అక్కడ మిగతాది కక్కేసింది. అమలాపురంలో దిగేసరికి ఖాళీ గోనెసంచిలా ఉంది.

ఇంటి యజమాని రాజేంద్రప్రసాద్ గారిది కొబ్బరి వ్యాపారం. అంబాజీపేటలో గొడౌనుంది. ఒక్కతే కూతురు శ్రీవాణి, పెళ్ళయి విశాఖపట్నంలో ఉంటుంది. కుక్కపిల్ల కావాలన్నది ఆవిడే. అల్లుడుగారు ఒప్పుకున్నారు గాని ఒక షరతు పెట్టారు: కొత్త శాంత్రోలో కక్కకూడదు. ఆ కారు సీట్లకి కంపెనీవాళ్ళు వేసిన ప్లాస్టిక్ కవర్లు కూడా ఇంకా తియ్యలేదట. ఇవాళ సాయంత్రం నాలుక్కి వాళ్ళిద్దరూ వస్తారు. పొద్దున్న ఈ కుక్కపిల్ల పి.గన్నవరం అక్విడెక్టు వంతెన దాకా వెళ్ళి, కక్కకుండా తిరిగొస్తే విశాఖపట్నం వెళ్ళిపోతుంది. కక్కితే అంబాజీపేట కొబ్బరి గొడౌన్లో కాపలాకి ఉండిపోతుంది. ఈ ముక్క అయ్యగారే తేల్చి చెప్పారు.

కక్కాలని దేవదానం కోరిక. పైకి ఎప్పుడూ అనలేదు. ఆదివారం చర్చిలో మాత్రం, అందరూ కళ్ళు మూసుకున్నప్పుడు, ఆ ఒక్క మాట ప్రభువుకి విన్నవించుకున్నాడు.

శ్రీవాణి కంప్యూటర్ల చదువు చదివింది. కుక్కపిల్లకి కారు పడటం లేదని తండ్రి ఫోన్లో చెప్తే, ఇంటర్నెట్లోంచి నాలుగు పేజీలు ప్రింటు తీసి కొరియర్లో పంపింది. పద్నాలుగు రోజుల పాఠం. రాజేంద్రప్రసాద్ గారు కళ్ళజోడు పెట్టుకుని, ఒక్కో లైనూ తెలుగులోకి మార్చి చదివి వినిపించారు. మొదటి లైను: బండి ఎక్కే ముందు మూడు గంటలపాటు ఏమీ పెట్టకూడదు. అమ్మగారు బుల్లెమ్మ గారు అలాగేనన్నారు. మొదటి రోజు: ఇంజను ఆపి ఉన్న కారులో కుక్కపిల్లతో పావుగంట ఊరికే కూర్చోవాలి.

"కదలని బండికి డ్రైవరెందుకండి?" అని దేవదానం వినయంగానే అడిగాడు.

"అలవాటు కోసం. దానికి నువ్వంటే నమ్మకం కుదరాలి," అన్నారు అయ్యగారు.

దేవదానం షెడ్డులో, కదలని బండిలో, స్టీరింగు పట్టుకుని పావుగంట కూర్చున్నాడు. కుక్కపిల్ల అతని చెప్పు నాకింది. రెండో రోజు ఇంజను వెయ్యాలి, కదలకూడదు. మూడో రోజు గేటు దాకా. నాలుగో రోజు వీధి చివర దాకా. దిగాక ఒక బిస్కట్టు పెట్టి, వీపు నిమిరి, మెచ్చుకోవాలి. మెచ్చుకోవడం కూడా ఆ కాగితంలో రాసి ఉంది. రోజూ అయ్యగారు ఎర్ర పెన్నుతో టిక్కు పెట్టేవారు, కక్కిన రోజున పక్కన సున్నా చుట్టేవారు. పదమూడు రోజుల్లో తొమ్మిది సున్నాలు.

దేవదానం లారీ మీద క్లీనరుగా ఎక్కినప్పుడు పదిహేనేళ్ళు. మొదటి రోజు సాయంత్రానికే మారేడుమిల్లి ఘాటీ. బయటికి తల పెట్టి కక్కుతుంటే డ్రైవరు వెనక నించి తన్నాడు, తల చెట్టుకి కొట్టుకుంటుందని. ఆ తన్నే పాఠం. వీపు నిమరడం లేదు. తనకి అలా జరిగిందని దేవదానం ఎన్నడూ బాధపడలేదు. పేపరు పరిచిన ముందు సీటులో రోజూ టఫీ ఎక్కి కూర్చుంటే మాత్రం, పొట్టలో ఏదో పుల్లగా పైకి వచ్చేది. కుక్కపిల్ల మీద కుళ్ళుకునే వయసా ఇది అని తనకే నవ్వొచ్చేది. నవ్వొచ్చినా కుళ్ళు తగ్గేది కాదు.

లెక్క చూస్తే అన్నీ దాని వేపే ఉన్నాయి. పశువుల డాక్టరుగారు దాన్ని చూడ్డానికి ఇంటికే వచ్చారు. దానికి మెత్తటి కొత్త తువ్వాలు. మధ్యలో ఒకటి రెండు రోజులు వెనక సీట్లో అమ్మగారి ఒళ్ళో కూడా కూర్చుంది. ఆ వెనక సీట్లో దేవదానం ఇరవై నాలుగేళ్ళలో ఒక్కసారీ కూర్చోలేదు. తుడవడానికి మోకాళ్ళ మీద ఎక్కడమే. ఇక గిన్నె. దేవదానం టీ తాగే గాజు గ్లాసు పెరట్లో బోరింగు పక్క గూట్లో బోర్లించి ఉంటుంది, తాగి తనే కడుక్కుని అక్కడే పెట్టాలి. టఫీ పాలు తాగేది స్టీలు గిన్నెలో. దాని అంచున 'చి. శ్రీవాణి అన్నప్రాసన' అని చుక్కలు చుక్కలుగా పేరు కొట్టించి ఉంది. అది కడిగాక తిన్నగా వంటింట్లోకి వెళ్ళిపోతుంది.

అసలు పుండు ఇవేవీ కావు. అసలు పుండు పేరు ఝాన్సీ.

ఝాన్సీ దేవదానం కూతురు. ఎనభైలో దానికి ఎనిమిదేళ్ళు. మండపేటలో అయ్యగారి బంధువుల పెళ్ళి. శ్రీవాణికి అయిదేళ్ళు, దార్లో పేచీ పెట్టకుండా ఆటకి తోడుగా ఉంటుందని ఝాన్సీని కూడా తీసుకురమ్మన్నారు అమ్మగారు. ఎలీసమ్మ కూతురికి రెండు జడలేసి, రిబ్బన్లు కట్టి పంపింది. వెనక సీటు ముందు కింద, అమ్మగారి కాళ్ళ దగ్గర కూర్చుంది పిల్ల. కొత్తపేట దాటాక వెనక నించి చిన్న చెయ్యి వచ్చి దేవదానం భుజం తట్టింది. "నాన్నా" అంది. ముహూర్తం దగ్గర పడుతోంది. పక్క సీట్లో అయ్యగారు వాచీ చూసుకుంటున్నారు. రావులపాలెం బ్రిడ్జి మొదట్లో ఇంకోసారి తట్టింది. "నాన్నా" అంది. దేవదానం బండి ఆపలేదు. బ్రిడ్జి మధ్యకొచ్చేసరికి అమ్మగారి పట్టుచీర కుచ్చెళ్ళ మీద, సీటు మీద, శ్రీవాణి గౌను మీద అయిపోయింది.

బ్రిడ్జి దాటాక బండి ఆపి, పిల్లని కిందికి దించి, అందరి ముందూ చెంప మీద కొట్టాడు. పోనీలే దేవదానం, చిన్నపిల్ల, అన్నారు అమ్మగారు. అయ్యగారు ఏమీ అనలేదు. చాలా మర్యాదస్తులు. మర్నాడు కూడా ఎవరూ ఏమీ అనలేదు. వారం తర్వాత సీట్లకి కొత్త కవర్లు వేయించారు. పిల్లని తీసుకురా అని ఆ తర్వాత ఎప్పుడూ అనలేదు.

దాని కడుపు ప్రయాణాలకి పనికిరాదని దేవదానం ఆ రోజే తీర్మానించేశాడు. పదేళ్ళ తర్వాత ఝాన్సీకి కాకినాడలో నర్సు ట్రైనింగు సీటొస్తే, ఆ కడుపుతో వారం వారం బస్సేం ఎక్కుతావమ్మా అని తనే మాన్పించాడు. ఇప్పుడు అంబాజీపేటకీ గన్నవరానికీ మధ్య ఒక ఊళ్ళో అంగన్‌వాడీ టీచరు. ఇంటి నించి బడికి సైకిలు మీద వెళ్తుంది. సైకిలు మీద ఎవరికీ వాంతులు రావు.

తన పిల్లకి ఒక్క రోజు. ఈ పిల్లకి పద్నాలుగు.

దేవదానం చేతిలో ఒక రహస్యం ఉంది. పదో రోజు పొద్దున్న బోరింగు దగ్గర గుడ్డ పిండుతుంటే, పెరటి గుమ్మంలో అమ్మగారు కనపడ్డారు. స్టీలు గిన్నెలో పెరుగన్నం మెత్తగా పిసికి, పైన మీగడేసి, కుక్కపిల్లకి పెడుతున్నారు. అటూ ఇటూ చూసి మరీ పెడుతున్నారు. గడప దాటేవాళ్ళని ఖాళీ కడుపుతో పంపడం ఆవిడ వల్ల అయ్యే పని కాదు. పోస్టుమాన్‌ని, గ్యాసు బండల కుర్రాణ్ణి, కరెంటు తీసెయ్యడానికొచ్చిన లైన్‌మాన్‌ని కూడా ఏదో ఒకటి పెట్టకుండా పంపలేదు. ఇంటర్నెట్ కాగితం చెప్పిందని ఆ చెయ్యి ఆగుతుందా. పదకొండో రోజూ పెట్టారు. పన్నెండో రోజూ పెట్టారు. దేవదానం చూశాడు. అయ్యగారు సున్నా చుడుతూ, ఎందుకు తగ్గట్లేదో అర్థం కావట్లేదయ్యా అంటే, మరేనండి అన్నాడు.

ఇవాళా పెట్టారు. కుక్కపిల్ల మూతికి అంటిన మీగడ చూస్తే తెలిసిపోయింది. పొట్ట తబలాలా ఉంది. అమ్మగారు దాన్ని అందిస్తూ, జాగ్రత్తగా పోనియ్యి, గోతుల్లో నెమ్మది, అన్నారు. ఆయ్ అన్నాడు. అయ్యగారు ఎర్ర పెన్ను జేబులో పెట్టుకుని గేటు దాకా వచ్చారు.

ఎనిమిదిన్నరకి బయల్దేరారు. ఎండ అప్పుడే చెమట పట్టిస్తోంది. టఫీ పేపరు మీద నాలుగు కాళ్ళూ ఎడంగా పెట్టి, మంత్రిగారిలా ముందుకి చూస్తూ కూర్చుంది. దేవదానం గోతుల్లో నెమ్మదిగా పోనివ్వలేదు. మరీ వేగంగానూ పోనివ్వలేదు. ఎలా పోవాలో అలా పోనిచ్చాడు, అంతే. తను చేసిందేమీ లేదని రేపు తనకి తను చెప్పుకోవాలి కదా.

అంబాజీపేటలో లారీలు అడ్డం. కొబ్బరికాయలు రాసులు పోసి, ఎండు పీచు వాసన రోడ్డంతా కమ్ముకుని ఉంది. ముందు లారీ పొగ వదులుతుంటే బండి ముందుకీ వెనక్కీ ఊగుతోంది. కుక్కపిల్ల ఆవలించింది. మూతి నాక్కుంది. మళ్ళీ ఆవలించింది. ఈ గుర్తులు దేవదానానికి కంఠతా వచ్చు. ముందు ఆవలింత, తర్వాత చొంగ, తర్వాత వీపు విల్లులా వంగడం. ఇంకో మూడు మైళ్ళు అనుకున్నాడు. అనుకుని, పెదవి చివర వచ్చిన నవ్వుని కింద పెదవితో కప్పేశాడు.

ఈ రోడ్డున వచ్చినప్పుడల్లా కూతురి బడి దగ్గర రెండు నిమిషాలు ఆగడం అలవాటు. పంచాయతీ ఆఫీసు పక్క పెంకుటిల్లు. ఇరవైమంది పిల్లలు, ఒక నల్లబల్ల, గోడ మీద ఏనుగు, ఎలుక. ఏనుగూ ఎలుకా ఒకే సైజులో ఉంటాయి, అది పంచాయతీవాళ్ళ పెయింటరు చలవ. ఝాన్సీ చేతిలో గరిటెతో బయటికొచ్చింది. ఇరవై ఎనిమిదేళ్ళది. తండ్రి పొడుగు, తల్లి నవ్వు. కారులో ఉన్నదాన్ని చూసి, ఎత్తుకుని అరుగు మీద కూర్చుంది. కింద దించగానే కుక్కపిల్లకి కాస్త ప్రాణం లేచొచ్చింది. పిల్లలు చుట్టూ మూగారు.

దేవదానం సంగతంతా చెప్పాడు. కాగితం, టిక్కులు, సున్నాలు, సాయంత్రం రాబోయే శాంత్రో.

"కుక్కపిల్లకి కూడా సిలబస్సా నాన్నా?" అంది ఝాన్సీ. "పాసవుద్దా?"

"అవదు."

"అంత కచ్చితంగా ఎలా చెప్తావు?"

దేవదానం గొంతు తగ్గించాడు. అమ్మగారి పెరుగన్నం సంగతి చెప్పాడు. చెప్తుంటే హాయిగా ఉంది. నాలుగు రోజులుగా ఎలీసమ్మకి కూడా చెప్పలేదు. ఝాన్సీ ముందు పడీపడీ నవ్వింది.

"మరి అయ్యగారికి చెప్పలేదా?"

"నన్నడిగేరా? అడక్కుండా నేనెందుకు చెప్పాలి? కొబ్బరి డొక్కల్లో పడుంటుంది, కాపలా కాసుకుంటా. మనుషుల పిల్లలకి లేని వైభోగం దీనికెందుకంట."

ఝాన్సీ నవ్వు ఆగింది. కుక్కపిల్ల చెవి వెనక గోకుతూ ఉంది. తల ఎత్తలేదు.

"నాకూ పెట్టేరు నాన్నా ఆవేళ."

"ఏవేళ?"

"మండపేట పెళ్ళికి ఎల్లినప్పుడు. నువ్వు బండి తుడుస్తున్నావు. నన్ను పెరట్లోకి పిలిచి అరిటాకు ముక్కలో సున్నుండలు పెట్టేరు. నాలుగు. దూరం ప్రయాణం, ఖాళీ కడుపుతో ఎక్కకూడదమ్మా అని. నెయ్యి కారిపోతుంది. రెండోదానికే గొంతు దాకా వచ్చేసింది."

"మరి ఒద్దనాల్సింది."

"అమ్మగారు ఏం పెట్టినా ఒద్దనకూడదు, పారెయ్యకూడదు అని నువ్వే చెప్పేవు కదా. ముందురోజు రాత్రి. రెండుసార్లు చెప్పించుకున్నావు నాచేత."

దేవదానం ఆ మాట చెప్పినట్టు జ్ఞాపకం లేదు. కాని చెప్పే ఉంటాడు. అది అతను చెప్పే మాటే.

"నాకు చెప్పలేదేమ్మా, ఇన్నేళ్ళూ?"

"నువ్వడగలేదు," అంది ఝాన్సీ. కోపంగా అనలేదు. అంటూనే అలవాటుగా పిల్లల తలలు లెక్కపెట్టుకుంటోంది. ఒకడు తక్కువొచ్చాడు. వాడు కారు కింద గొలుసు పట్టుకుని ఉన్నాడు. వాణ్ణి లాక్కొచ్చింది.

దేవదానం బండి దగ్గరికి వెళ్ళి, మళ్ళీ రెండడుగులు వెనక్కొచ్చాడు.

"ఎక్కమ్మా. అక్విడెక్టు దాకా ఎల్లొద్దాం. పావుగంట."

"పొద్దున్నే మూడట్లు తిన్నాను నాన్నా," అని నవ్వింది ఝాన్సీ. "ఇంకో రోజు." కుక్కపిల్లని పేపరు మీద కూర్చోబెట్టి, కింద పడ్డ నిమ్మకాయ తీసి యథాస్థానంలో పెట్టి, తలుపేసింది. అంబాసిడర్ తలుపు గట్టిగా వెయ్యాలి, లేకపోతే పడదు. ఇరవై ఏళ్ళ క్రితం ఒక్కసారి ఎక్కిన కారు. ఆ సంగతి ఆ పిల్లకి గుర్తుంది.

ఊరు దాటి కాలవ గట్టెక్కాడు. నాలుగు అన్నది ఒక్కటే తలలో తిరుగుతోంది. చిన్న పిల్ల, అరిటాకు ముక్క, నాలుగు సున్నుండలు. ఒక్కోటీ నిమ్మకాయంత ఉంటాయి అమ్మగారి సున్నుండలు. కుక్కపిల్లకి ఎందుకు పడట్లేదో తను పదో రోజుకల్లా కనిపెట్టాడు. అంత తెలివైనవాడు.

తొడ మీద ఏదో తగిలింది. టఫీ ముందు కాలు. చొంగ తీగలా వేలాడుతోంది. దేవదానం రోడ్డు వేపే చూస్తున్నాడు. మళ్ళీ తట్టింది. ఈసారి గోళ్ళు ప్యాంటులోంచి దిగాయి.

బ్రేకు మీద కాలు పడిపోయింది. వెనకొస్తున్న ఆటోవాడు హారను కొట్టి, ఏదో అని, పక్కనించి వెళ్ళిపోయాడు. దేవదానం కుక్కపిల్లని రెండు చేతుల్తో ఎత్తుకుని, గట్టు దిగి, కాలవ వార గడ్డిలో పెట్టాడు. వీపు విల్లులా వంగింది. పెరుగన్నం, మీగడ, అన్నీ గడ్డిలోకి వచ్చేశాయి. ఒకసారి, ఇంకోసారి. దేవదానం పక్కన గొంతుక్కూర్చుని దాని పొట్ట కింద చెయ్యి పెట్టి పట్టుకున్నాడు. ఆ పొట్ట అరచేతిలో ముడుచుకుని విచ్చుకుంటోంది. కక్కే పిల్లని పట్టుకోవడం అతనికిదే మొదలు.

అయ్యాక భుజం మీది తుండు కాలవలో తడిపి మూతి తుడిచాడు. దాని కొత్త తువ్వాలు బండిలోనే ఉంది. తియ్యాలని తోచలేదు. అరగంట అక్కడే కూర్చున్నాడు. టఫీ తేరుకుని, గడ్డిలో దూకి, ఒక తూనీగ వెంట పడి కాలవ అంచు నీళ్ళలోకి దిగింది. వంటి మీద నీళ్ళు దులుపుకుంటే సగం ఖాకీ చొక్కా మీద పడ్డాయి. దాన్ని చూస్తే అతనికి మళ్ళీ కుళ్ళొచ్చింది. దీనికి అప్పుడే మర్చిపోవడం వచ్చు. నీకేమే, అన్నాడు పైకి.

అక్విడెక్టు దాకా వెళ్ళాడు. కింద నది, పైన కాలవ, గాలి బాగా వీస్తోంది. బండి తిప్పుకుని తిరిగొచ్చేటప్పుడు కుక్కపిల్ల ఖాళీ కడుపుతో పేపరు మీద ముడుచుకుని, జిల్లా వార్తల మీద మూతి ఆనించి నిద్రపోయింది. అంబాజీపేట లారీల మధ్య కూడా లేవలేదు. అమలాపురం వచ్చేదాకా దేవదానం ఏ గోతిలోనూ బండికి కుదుపు తగలనివ్వలేదు.

అయ్యగారు గేటు దగ్గరే ఉన్నారు. ఆలస్యం అయిందేమని అడగలేదు, తిన్నగా సీటు మీద పేపరు చూశారు. పొడిగా ఉంది.

"కక్కలేదా?"

"బండిలో కక్కలేదండి."

అయ్యగారికి ఆ 'బండిలో' వినపడలేదు. పద్నాలుగో గళ్ళో టిక్కు పెట్టి, చిన్నపిల్లాడిలా ఆ కాగితం లోపలికి పట్టుకెళ్ళి భార్యకి చూపించారు. దేవదానం గూట్లోంచి గ్లాసు తీసి, టీ పోయించుకుని తాగి, కడిగి బోర్లించాడు. మధ్యాహ్నం షెడ్డులో కూర్చున్నాడు, నిద్ర పట్టలేదు. సాయంత్రం ఏం జరుగుతుందో తెలుసు. అమ్మగారు మళ్ళీ పెడతారు. విశాఖపట్నం ఆరు గంటల ప్రయాణం. రావులపాలెం లోపే శాంత్రో సీటు పాడైపోతుంది. మర్నాడు కుక్కపిల్లని వెనక్కి పంపించేస్తారు. తను నోరు మూసుకుంటే చాలు. ఇరవై నాలుగేళ్ళుగా అది బాగానే చేతనయింది.

నాలుక్కి శ్రీవాణీ వాళ్ళాయనా వచ్చారు. కాఫీలు, కాకినాడ కాజాలు, నవ్వులు. శాంత్రో తెల్లగా, కొబ్బరికోరులా మెరుస్తోంది. సీట్ల మీద ప్లాస్టిక్ కవర్లు నిజంగానే ఉన్నాయి. అయ్యగారు నాలుగు పేజీల కాగితాన్ని అల్లుడుగారికి అందించారు, పరీక్ష పేపరు దిద్ది ఇచ్చినట్టు. శ్రీవాణి కుక్కపిల్లని ఎత్తుకుని, దీన్ని నువ్వే బాగు చేశావట కదా దేవదానం అంది. ఆయ్ అన్నాడు. నిన్నటి పేపరు తీసిస్తే, పేపరుకీ వాంతులకీ ఏం సంబంధమని నవ్వి, అయినా పుచ్చుకుంది.

సామాను సర్దారు. అల్లుడుగారు స్టీరింగు దగ్గర కూర్చున్నారు. అప్పుడు అమ్మగారు గుమ్మంలోంచి వచ్చారు. చేతిలో స్టీలు గిన్నె. ఈసారి దాచుకోలేదు. పరీక్ష అయిపోయింది కదా.

"రెండు ముద్దలు పెట్టేస్తాను, ఆగండి," అన్నారు.

దేవదానం వెనక తలుపు తెరిచి పట్టుకుని ఉన్నాడు. కాస్త ముందుకి వంగి.

"ఒద్దండి," అన్నాడు.

ఎవరన్నారో అందరికీ అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. అమ్మగారు చుట్టూ చూసి, చివరికి అతన్ని చూశారు.

"అంత దూరం ఖాళీ కడుపుతో ఎలా పంపుతాం దేవదానం?"

"పెడితే కక్కుద్దండి. రోజూ మీరు పెట్టినందుకే కక్కిందండి. నేను చూసేనండి. చూసి కూడా చెప్పలేదండి, తప్పు నాదే."

అయ్యగారు భార్య వేపు తిరిగారు. ఆవిడ చూడలేదు. గొంతు పెంచకుండా, అండి అన్న మాట ఎక్కడా వదలకుండా దేవదానం ఇంకోటి కూడా అన్నాడు. మధ్యాహ్నం షెడ్డులో అనాలని అనుకున్న మాట కాదది.

"మా అమ్మాయిక్కూడా పెట్టేరంటండి. మండపేట పెళ్ళికి ఎల్లేటప్పుడు."

శ్రీవాణి తల్లి మొహం చూసింది. తనకి అయిదేళ్ళప్పటి సంగతి. గౌను కూడా గుర్తుండదు.

"ఝాన్సీకా?" అన్నారు అమ్మగారు. "సున్నుండలు. అవును. ఎన్ని పెట్టేను?"

"నాలుగండి."

"ఒద్దనలేదు మరి."

"ఒద్దనకూడదని నేనే నేర్పేనండి."

ఆవిడ చేతిలో గిన్నె అలాగే ఉంది. ముద్ద కోసం వేళ్ళు అన్నంలోనే ఉన్నాయి. అల్లుడుగారు, చీకటి పడేలోపు అన్నవరం దాటాలండి అని మర్యాదగా అన్నారు. శ్రీవాణి వెనక ఎక్కింది. దేవదానం ఆవిడ పక్కన సీటు మీద పేపరు తనే పరిచి, అంచులు దోపి, కుక్కపిల్లని దాని మీద పెట్టాడు. టఫీ అతని మణికట్టు నాకి, వెంటనే అవతలి కిటికీ వేపు తిరిగిపోయింది. వెనక సీట్లో, చల్లగా, ఒక్కతీ ఒక కిటికీ మొత్తం ఆక్రమించుకుని. దేవదానం తలుపేశాడు. శాంత్రో తలుపు గట్టిగా వెయ్యక్కర్లేదు, వేలితో తోస్తే పడిపోతుంది.

కారు వీధి మలుపు తిరిగింది. హారను ఒకసారి వినపడింది. అయ్యగారు ఎర్ర పెన్ను జేబులోంచి తీసి, మళ్ళీ పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయారు. అమ్మగారు చేతిలోది గుమ్మం పక్క అరుగు మీద పెట్టి, చెయ్యి కడుక్కోవడానికి వెళ్ళారు. మళ్ళీ రాలేదు.

దేవదానం అంబాసిడర్‌ని షెడ్డులో పెట్టి, గేటు వేసి, సైకిలు తీసుకుని వెళ్ళిపోయాడు. అరుగు మీద స్టీలు గిన్నె ఎవరూ ముట్టుకోకుండా ఉంది, అంచున శ్రీవాణి పేరు, లోపల పెరుగన్నం, మీగడ మీద నాలుగు వేళ్ళ గుర్తులు.